కట్టడానికి కోట్లు, కాపాడడానికి గవ్వలు

2025 డిసెంబరులో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని రద్దుచేసి దాని స్థానంలో మరొక చట్టాన్ని నిలబెట్టినప్పుడు వాగ్యుద్ధం చాలావరకు పేరు చుట్టూనే సాగింది. మహాత్ముని పేరు తొలగించడం అపచారమని ప్రతిపక్షాలు ఘోషించాయి. పనిదినాలను 100 నుంచి 125కు పెంచిన సంగతి చూడరేమని పాలకపక్షం ఎదురు ప్రశ్నించింది. పేరు చిన్న విషయమని నేననను. కాని ఆ చట్టం కింద ఇరవై ఏళ్ళపాటు దేశమంతటా తవ్విన చెరువులు, కుంటలు, వేసిన కట్టలు ఇకమీదట ఏ డబ్బుతో నిలుస్తాయన్న ప్రశ్న ఆ రభసలో అడుగున పడిపోయింది. తెలుగువారికి ఆ ప్రశ్న పరాయిది కాదు. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ పథకాన్ని ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే గదా!

ఉపాధి హామీని కూలి పథకంగా చూడడం మనకు అలవాటు. నిజానికి పాత చట్టం అనుబంధంలో చేపట్టవలసిన పనుల జాబితా జల సంరక్షణతోనే మొదలయ్యేది. స్థానిక నీటివనరులకు ఢిల్లీ ఖజానా నుంచి అందిన గ్రాంట్లలో ఇంత పెద్ద ధార మరొకటి లేదని చెప్పవచ్చు. కొత్త చట్టం కూడా నాలుగు రకాల పనులను పేర్కొంటూ నీటి భద్రతకే అగ్రాసనం వేసింది. కాగితం మీద నీటికి వచ్చిన లోటేమీ లేదు. తేడా అంతా డబ్బు వచ్చే దారిలో ఉంది. వెనుకటి చట్టం కింద కూలి మొత్తాన్ని, సామగ్రి ఖర్చులో మూడు పాళ్ళను కేంద్రమే భరించేది; పని అడిగినకొద్దీ నిధి పెరగాలన్నది సూత్రం. కొత్త చట్టం ప్రకారం అత్యధిక రాష్ట్రాలకు వాటా 60:40. పైగా ఏ రాష్ట్రానికి ఎంతన్నది ఏటేటా కేంద్రం ముందుగా నిర్ణయిస్తుంది. ఆ గీత దాటితే రాష్ట్రం తన జేబులో నుంచి పెట్టుకోవాలి. చేతిలో పైకం బిగిసినప్పుడు రాష్ట్రాలు ముందు దేనికి కోత పెడతాయో నలభై ఏళ్ళ బడ్జెట్లు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. రోడ్డుకు పెట్టరు, భవనానికి పెట్టరు. ఎవరి కంటా పడని చెరువు తూముకు పెడతారు.

అంతమాత్రాన పోయిన చట్టం బంగారమని నేను విలపించడం లేదు. పాతదానికీ కొత్తదానికీ, వాటికి ముందు వచ్చిన అరడజను పథకాలకూ ఉమ్మడి లోపం ఒకటి ఉన్నది. అవన్నీ కట్టడానికి డబ్బిస్తాయి, కట్టినదాన్ని లెక్కపెడతాయి, లెక్క తేలిన మరునాడు వెళ్ళిపోతాయి. ఆ కట్టడం నిలిచిందా, అందులో నీరు చేరిందా, చేరిన నీటిని ఎవరు తోడుకున్నారు అన్నవి ఏ గ్రాంటు షరతులలోనూ దాదాపు కనిపించవు.

కరువు ప్రాంతాల కార్యక్రమం 1973-74లో మొదలైంది. ఎడారి ప్రాంతాల కార్యక్రమం కొద్ది సంవత్సరాలకే వచ్చింది. 1995 నుంచి వాటర్‌షెడ్లు, 2005 నుంచి చెరువుల మరమ్మతు, పునరుద్ధరణ పథకం, 2019లో 256 జిల్లాలలో జలశక్తి అభియాన్. 2022 ఏప్రిల్‌లో అమృత్ సరోవర్ ప్రకటించారు: జిల్లాకు 75 చెరువులు, ఒక్కొక్కటి కనీసం ఎకరం విస్తీర్ణం, పది వేల ఘనపు మీటర్ల నీరు పట్టాలి. యాభై వేలు లక్ష్యమైతే అరవై ఎనిమిది వేలకు పైగా పూర్తిచేశామని ప్రభుత్వం సగర్వంగా చెప్పుకొన్నది. ఆ గర్వాన్ని తప్పుపట్టను. అయితే ఈ పథకానికంటూ విడిగా ఒక్క రూపాయి కేటాయింపు లేదు. ఉపాధి హామీ నుంచి, ఆర్థిక సంఘం గ్రాంట్ల నుంచి, దాతల నుంచి సమకూర్చుకోవాలన్నారు. పెండ్లి చేసుకోండి, ఖర్చు చుట్టాల దగ్గర అడుక్కోండి అన్నట్టు! అలా సమకూర్చుకొన్న డబ్బులో తరువాతి పోషణకు మిగిలేది ఎంత అన్నది ఊహించుకోవచ్చు.

దేశంలో చెరువులకు కొరత ఉన్నదా అంటే అదీ లేదు. 2023లో వెలువడిన మొట్టమొదటి నీటివనరుల గణన దేశంలో 24,24,540 చెరువులు, కుంటలు, రిజర్వాయర్లు ఉన్నట్లు తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1,90,000, తెలంగాణలో 64,000. మొత్తంలో నూటికి పదహారు వంతులు వాడకంలో లేవు. ఎండిపోయినవి కొన్ని, పూడినవి కొన్ని, ఇళ్ళు లేచినవి కొన్ని. ఆక్రమణకు గురైనవి 38,496 అని లెక్క చెప్పింది. మన నగరాల శివార్లలో తిరిగినవారికి ఈ అంకె చాలా మర్యాదగల అంకె అనిపించక మానదు. ఉన్నవాటిలో ఆరింట ఒకటి మూలపడి ఉండగా కొత్తవి తవ్వి సంఖ్య చూపడం ఏమి పొదుపో నాకు బోధపడదు.

మహారాష్ట్ర చూడండి. 2019 నాటికి రాష్ట్రాన్ని కరువు నుంచి విముక్తం చేస్తామని అక్కడి ప్రభుత్వం 2014 డిసెంబరులో జలయుక్త శివార్ అనే మహోద్యమాన్ని తలపెట్టింది. యంత్రాలతో వాగులు లోతుచేశారు, వెడల్పుచేశారు, అడ్డుకట్టలు కట్టారు. 9,633.75 కోట్ల రూపాయలు ఖర్చయిన తరువాత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2020లో ఇచ్చిన నివేదిక, భూగర్భ జలమట్టం పెంచడంలో ఆ పథకం ప్రభావం స్వల్పమేనని తేల్చింది. ఆ నివేదిక మీద రాజకీయ దుమారం చెలరేగింది; అప్పటికే ప్రభుత్వం మారింది, విచారణ వచ్చింది, ప్రభుత్వం మళ్ళీ మారింది, పథకం రెండవ అవతారం ఎత్తింది. నీరు ఎందుకు నిలవలేదన్న అసలు సంగతి మాత్రం ఏ పక్షానికీ పట్టలేదు.

అదే రాష్ట్రంలో, నాడు అహ్మద్‌నగర్ అని పిలిచిన జిల్లాలో, హివరే బజార్ అనే గ్రామం ఉన్నది. వర్షపాతం స్వల్పం. డెబ్బయ్యవ దశకపు కరువులలో కుంగి, జనం వలసపోయిన ఊరు. పోపట్‌రావ్ పవార్ సర్పంచి అయిన తరువాత 1990ల నుంచి ఆ గ్రామం తేరుకొన్నది. ఇందులో ప్రభుత్వ ధనం లేదనుకోవద్దు: రాష్ట్రపు ఉపాధి హామీ నిధులు, ఆదర్శ గ్రామ పథకం నిధులు అక్కడా ఖర్చయ్యాయి. కాని గ్రాంటుతోపాటు ఊరు తనకు తాను కొన్ని కట్టుబాట్లు విధించుకొన్నది. సేద్యానికి బోరు వేయరాదు. చెరకు, అరటి వేయరాదు. కొండమీద పశువులను విచ్చలవిడిగా తోలరాదు. ఏటా వర్షాన్ని కొలిచి, బావులను కొలిచి, ముందు మనుషులకు, పశువులకు ఎంత కావాలో పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి రబీలో ఏ పంట వేయాలో గ్రామసభ నిర్ణయిస్తుంది. రెండు చోట్లా సిమెంటు ఒకటే, రాయి ఒకటే. ఒకచోట గ్రాంటు కట్టడం దగ్గర ఆగింది. మరొకచోట కట్టడం తరువాత ఊరు అసలు పని మొదలుపెట్టింది.

అయితే గ్రామాలే అన్నీ చూసుకొంటాయి, ప్రభుత్వాలకు బాధ్యత లేదన్న వాదం ఢిల్లీలో ఈమధ్య కొందరికి మహా సౌకర్యంగా ఉన్నది. వారు చండీగఢ్ సమీపంలోని సుఖోమాజ్రీ కథ తెలుసుకోవాలి. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు పూడిపోతున్నది. మట్టి ఎక్కడి నుంచి వస్తున్నదని వెదుకుతూ పోతే శివాలిక్ కొండల మొదట్లో ఉన్న ఈ చిన్న పల్లె తగిలింది. మేకలు, పశువులు మేసి మేసి కొండలు బోడి అయినవి. భూసార పరిరక్షణ కేంద్రంలో పనిచేసిన శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా, కొండకు కంచె వేసి కాపలా పెట్టే బదులు 1976లో పల్లె దాపున మట్టికట్ట వేయించారు. నీరు పొలానికి పారగానే, కొండను కాపాడితేనే కట్ట పూడకుండా ఉంటుందన్నది ఊరివారికి అర్థమైంది. పశువులను కొండమీదికి తోలడం వారంతట వారే మానుకొన్నారు.

ఇక్కడ ఒక మెలిక. నీరు భూమి ఉన్నవాడికే అయితే, భూమి లేనివాడు మేకను ఎందుకు ఆపుకోవాలి? ఆ ప్రశ్న వచ్చినప్పుడు ప్రతి కుటుంబానికీ, సెంటు భూమి లేనివారికి కూడా, నీటిలో సమాన వాటా అని ఊరు నిర్ణయించింది. తన వాటాను అవసరం ఉన్నవాడికి అమ్ముకోవచ్చు. జల సంరక్షణ గురించి ఎన్నో నివేదికలు చదివాను. ఇంత సూటి అయిన న్యాయం మరెక్కడా కనిపించలేదు. కొండమీద గడ్డి పెరిగింది, పాలు పెరిగాయి, తాళ్ళకు, కాగితపు మిల్లులకు పనికివచ్చే గడ్డి అమ్మి సంఘానికి రాబడి వచ్చింది. రాబడి కనపడగానే సర్కారు కళ్ళు తెరిచింది. ఆదాయపు పన్ను వచ్చింది. గడ్డిలో తన వాటా ఎంతన్న దానిపై అటవీశాఖకు, సంఘానికి తగాదా వచ్చింది. గ్రామం చేతిలో మిగులు తగ్గేకొద్దీ పూడిక తీయడానికి, తూము బాగుచేయడానికి డబ్బు కరువైంది. కాలక్రమేణా కట్టలు పూడాయి. ఒకప్పుడు దేశదేశాల వారు యాత్రగా వచ్చి చూసిన ఊరది! కట్టినప్పుడు ఆదుకొన్న చేయి నిలబెట్టే వేళ అడ్డు తగిలితే ఎంతటి కట్టుబాటున్న ఊరైనా అలసిపోతుంది.

రాజస్థాన్‌లోని అల్వార్ జిల్లాలో ఇదే కథ వేరొక రూపంలో నడిచింది. రాజేంద్ర సింగ్ బృందం 1985 నుంచి అక్కడి ప్రజలతో కలిసి జోహడ్‌లనే మట్టికట్టల చెరువులను పునరుద్ధరించసాగింది. తొలి కట్టలలో ఒకదాన్ని నీటిపారుదల శాఖ అక్రమమని, తొలగించమని చెప్పింది. తరువాత ఎండిన అర్వరీ నది మళ్ళీ పారితే, 1996లో ప్రభుత్వం దానిలో చేపలు పట్టే హక్కును గుత్తకిచ్చింది. ఊళ్ళు తిరగబడితే గాని ఆగలేదు. చెరువు శ్రమ ఊరిదైనా నీరు, చేప, గడ్డి సర్కారువే అన్న ఈ భావం తెల్లవారు వెళ్ళిపోయినా మన దఫ్తరాలను వదలలేదు.

మన పూర్వికులు దీనికి వేరొక మార్గం తొక్కారు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, రాకూడని దోషాలను అది ఏకరువు పెట్టింది. ఇంజనీర్లు దాన్ని తరచు ప్రస్తావిస్తారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది దశబంధం అనే ఏర్పాటు. చెరువు కట్టించినవానికి, బాగుచేసినవానికి ఆయకట్టులో మాన్యం ఇచ్చేవారు. అది అనుభవించినంత కాలం చెరువు బాగోగులు వారివే. అంటే గ్రాంటు ఒకనాటి బహుమానం కాదు, తరతరాల బాధ్యతకు జీతం. తూము తెరిచి మూసే నీరుగంటికి, తెలంగాణలో నీరటికి, కళ్ళంలో ధాన్యం కొలిచేవారు. ఆ ఏర్పాటు స్వర్ణయుగం కాదు. నీరుగంటి చాలాచోట్ల ఊరికి వెలుపల బతికినవాడే, అతనికి కొలిచింది కూడా అరకొరగానే. ఆ అన్యాయం తిరిగి రానక్కరలేదు. కాని కాపలాదారు లేని చెరువు ఉండరాదన్న తెలివి అందులో ఉన్నది. తరువాతి దొరతనాలు మాన్యాలు కరిగించాయి, మరామత్తును శాఖకు అప్పగించాయి. శాఖకు చిన్న చెరువు ఎప్పుడూ సవతిబిడ్డే.

ఈ తెలివి ఢిల్లీకి ఎన్నడూ అందలేదనలేము. అందించినవారు మన తెలుగువారే. ప్రణాళికా సంఘ సభ్యుడిగా పనిచేసిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో ఇచ్చిన నివేదిక వాటర్‌షెడ్ పథకాల స్వరూపాన్నే మార్చింది. సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్, నిధులు నేరుగా గ్రామస్థుల కమిటీకి, హెక్టారుకు నాలుగు వేల రూపాయలు. దాని వెంట వచ్చిన మార్గదర్శకాలలో అంతగా ఎవరూ ప్రచారం చేయని ఏర్పాటు ఒకటున్నది: సామూహిక పనులకు అయిదు శాతం, సొంత భూమిలో పనులకు పది శాతం లబ్ధిదారులు చెల్లించాలి, ఆ మొత్తం ఒక నిధిగా ఉండి, పథకం ముగిసిన తరువాత పోషణకు ఉపయోగపడాలి. దశబంధమే కొత్త వేషంలో వచ్చిందన్నమాట. ఆచరణలో చాలాచోట్ల ఏమైంది? కూలిలో నుంచి ఆ వాటా మినహాయించుకొన్నారు. నిధి బ్యాంకులో చేరింది. దాన్ని తీయడానికి ఎవరి సంతకం కావాలో తేలకముందే పథకం గడువు ముగిసింది. హెక్టారుకు నాలుగు వేలు తరువాత పన్నెండు వేలయింది, 2021 నుంచి మైదాన ప్రాంతాలలో ఇరవై రెండు వేలయింది. పోషణ మాత్రం అన్ని మార్గదర్శకాలలోనూ చివరి పేజీలలోనే మిగిలింది.

మంచి ప్రయత్నం లేకపోలేదు. అటల్ భూజల్ యోజన 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. మొత్తం 6,000 కోట్లు, సగం ప్రపంచ బ్యాంకు రుణం. అందులో 4,600 కోట్లను ప్రోత్సాహకంగా వేరుచేశారు. జలమట్టాల లెక్కలు ప్రజల ముందు పెట్టితే, ఊరి నీటి ప్రణాళిక గ్రామస్థులే తయారుచేస్తే, నీటి వాడకం తగ్గించే పద్ధతులు పాటిస్తే, జలమట్టం పతనం మందగిస్తే రాష్ట్రానికి డబ్బు. కట్టడానికి గాక ఫలితానికి డబ్బివ్వడం మన పథకాల చరిత్రలో అరుదు. దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకొంటాను. అయితే చోటు దక్కింది ఏడు రాష్ట్రాలకే: గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. రెండు తెలుగు రాష్ట్రాలు అందులో లేవు.

విచిత్రమేమంటే ఈ ఆలోచనకు దేశంలోని తొలి పెద్ద ప్రయోగశాలలలో ఒకటి మన నేలే. 2003 నుంచి కొన్నేళ్ళపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో, మొదట నెదర్లాండ్స్ ధనంతో, రైతులే నడిపిన భూగర్భ జలాల ప్రాజెక్టు సాగింది. రైతులు, వారిలో ఎందరో స్త్రీలు, వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఆ అంకెలు గోడలమీద రాశారు, రబీకి ముందు అందరూ కూర్చొని ఈ ఏడాది జమ ఎంత, ఖర్చు ఎంత అని నీటికి బడ్జెట్ వేశారు. వరి తగ్గించమని ఎవరూ శాసించలేదు, సబ్సిడీ ఆశ పెట్టలేదు. లెక్క చూసి చాలామంది తామే తగ్గించుకొన్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో దాన్ని ప్రత్యేకంగా ప్రశంసించింది. విదేశీ నిధుల గడువు తీరింది, ప్రాజెక్టు ముగిసింది. ఏటేటా కొలతబద్దకు, రిజిస్టరుకు అయ్యే చిల్లర ఖర్చును మన బడ్జెట్‌లో శాశ్వతంగా చేర్చుకోవాలన్న ఆలోచన ఏ ప్రభుత్వానికీ రాలేదు.

ఈ గ్రాంట్ల పక్కనే మరొక గ్రాంటు ప్రవహిస్తున్నది. దానిని గ్రాంటు అని ఎవరూ పిలవరు. సేద్యపు మోటార్లకు ఉచిత విద్యుత్తు. పంజాబ్ 1997లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో మొదలుపెట్టాయి. రైతు కష్టం తెలిసినవారెవరూ దాన్ని తేలికగా నిందించరు. కాలువ కింది రైతుకు ప్రభుత్వం నీరే తెచ్చి ఇస్తుంటే, మెట్ట రైతు అప్పుచేసి బోరు వేసుకొన్నాడు. అతనికి కరెంటైనా ఇవ్వడంలో న్యాయమున్నది. కాని నీరు ఇంకించడానికి ఇచ్చే రూపాయి కంటె తోడడానికి ఇచ్చే రూపాయలు ఎన్నో రెట్లు. 2024 కేంద్ర అంచనా ప్రకారం దేశం ఏడాదికి తోడుతున్న భూగర్భ జలం సుమారు 8,670 టి.ఎం.సి.లు. నాగార్జునసాగర్ నేడు పట్టేది 312 టి.ఎం.సి.లు, నిండు సాగరాన్ని దాదాపు ఇరవై ఎనిమిది మార్లు ఖాళీ చేసినంత! పంజాబ్‌లో ఏటా చేరేదానికి ఒకటిన్నర రెట్లకు మించి తోడుతున్నారు. అక్కడి ప్రభుత్వం 2018లో చిన్న ప్రయోగం చేసింది: తన వాటాలో రైతు మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు ఇస్తామన్నది. కరెంటు తీసివేయలేదు, బిల్లు వేయలేదు, తోడకపోయినా డబ్బిచ్చింది. మన రాష్ట్రాలలో ఇది ఎందుకు చర్చకైనా రాదో నాకు తెలియదు.

తెలంగాణ 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46,531 చెరువులు బాగుచేస్తామన్నప్పుడు, పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకొన్నారు. నీతి ఆయోగ్ ఆ పథకానికి 5,000 కోట్లు ఇవ్వమని సిఫారసు చేసింది, కేంద్రం ఇవ్వలేదు. సిఫారసు ఒక భవనంలో, ఖజానా మరొక భవనంలో ఉండడం ఢిల్లీ ప్రత్యేకత. కాని హైదరాబాదునూ ఒక ప్రశ్న అడగాలి. పూడిక తీసిన ఆ చెరువుల తూములకు, వాగు నుంచి నీరు తెచ్చే కాలువలకు, కలుజు అనండి, మత్తడి అనండి, మరువ అనండి, దానికి ఏటేటా ఎవరు ఖర్చుపెట్టాలి? గొలుసుకట్టులో పైచెరువు మత్తడి తెగితే కింది చెరువులన్నీ తెగుతాయి. పంచాయతీ తన పని కాదంటుంది, శాఖ తన దగ్గర డబ్బు లేదంటుంది.

పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసి, అందులో ముప్పై శాతాన్ని తాగునీటికి, వాననీటి సేకరణకు, నీటి పునర్వినియోగానికి కట్టివేసింది. ఉద్దేశం మంచిదే. అయితే కుళాయిని, చెరువును ఒకే గాటన కట్టారు. కుళాయి రాకపోతే ఊరు సర్పంచిని నిలదీస్తుంది. చెరువుకట్ట మీద తుమ్మచెట్లు మొలిస్తే ఎవరు నిలదీస్తారు?

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో నలభై ఇద్దరు సభ్యులున్నారు. కొత్త చట్టం కింద ఏటా జరిగే నిధుల నిర్ణయంలో, నీటి పనులపై ఖర్చయ్యే ప్రతి రూపాయిలో పదో వంతును గ్రామ పంచాయతీ ఖాతాలో పదేళ్ళ పోషణ నిధిగా నిలపమని వారు అడగవచ్చు. ఆ నిధి తీయడానికి ఒకే షరతు పెట్టమనవచ్చు: ఊరు తన వానను, బావులను కొలిచి గ్రామసభలో గోడమీద రాయాలి. చెరువులోని చేప, గట్టుమీది గడ్డి, పూడికమట్టి మీద వచ్చే రాబడి ఊరిదేనని, దానిమీద ఏ శాఖా చేయి వేయరాదని నియమాలలో రాయించవచ్చు. అటల్ భూజల్ వంటి పథకం మళ్ళీ ఏ రూపంలో వచ్చినా అనంతపురం, మహబూబ్‌నగర్ ఎందుకు వెలుపల ఉన్నాయని ప్రశ్న వేయవచ్చు. ప్రశ్నోత్తరాల సమయానికి నోటీసు ఇవ్వడానికి ఒక కాగితం చాలు. జలశక్తి, గ్రామీణాభివృద్ధి శాఖల పద్దులు సభ ముందుకు వచ్చే రోజున ఆ కాగితం మీద మనవారిలో ఎందరి సంతకాలు ఉంటాయో చూసి, పాఠకులకు పేర్లతో సహా తెలియజేస్తాను.